ఏడు మైకులతో మొదలై నాలుగు దగ్గర ఆగాను: ఇంట్లో డ్రమ్స్ రికార్డింగ్, ఆరేళ్ల అనుభవం

మొదట కొన్నది ఏడు మైకుల సెట్టు. ఒకే పెట్టెలో అన్నీ వచ్చేస్తాయన్న ఆశ. ఏడాది తిరగకుండానే టామ్‌లకు (కిట్‌లోని చిన్నా పెద్దా డ్రమ్ములకు) మైకు బిగించే క్లిప్పులు రెండు విరిగాయి. కిట్‌కు పైన నిలబెట్టే ఓవర్‌హెడ్ మైకుల్లో సింబల్స్ (లోహపు పళ్లేలు) రేకు డబ్బా మీద కొట్టినట్టు వినిపించేవి. ఆ పెట్టెలోంచి ఈనాటికీ పనిచేస్తున్నది కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) మైకు ఒక్కటే. దానికి తోడుగా స్నేర్ కోసం షూర్ ఎస్‌ఎం57 మైకు ఒకటి, ఓవర్‌హెడ్‌ల కోసం చిన్న డయాఫ్రమ్ కండెన్సర్లు (సన్నటి శబ్దాలనూ పట్టే మైకులు) రెండు కొన్నాను.

ఎస్‌ఎం57 గురించి కొత్తగా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 1965 నుంచి స్టూడియోల్లో నలుగుతున్న మైకు అది. నా గురి తప్పి కర్ర దెబ్బలు చాలానే తిన్నది, ఒంటి నిండా గాట్లు పడ్డాయి, ధ్వని మాత్రం మారలేదు. స్నేర్ (గరగరమని మోగే చిన్న డ్రమ్) అంచు మీద రెండు వేళ్ల ఎత్తులో, మధ్య భాగం వైపు చూసేలా పెడతాను. ఇది కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకు, వెనుకవైపు చెవుడు కాబట్టి దాని తోకను హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) వైపు తిప్పుతాను. ఈ చిన్న సంగతి తెలియక ఏడాదిపాటు హై-హ్యాట్‌ను తిట్టుకున్నాను. బ్రష్‌లతో మెల్లగా వాయిస్తే మాత్రం ఈ మైకు తేలిపోతుంది. అప్పుడు ఓవర్‌హెడ్‌లే దిక్కు.

అసలు కష్టమంతా ఆ ఓవర్‌హెడ్‌లతోనే. రెండింటినీ కిట్‌కు చెరోవైపు కంటికి సమానంగా కనిపించేలా నిలబెట్టాను. వింటే స్నేర్ ఒక పక్కకు ఒరిగి, పీలగా ఉంది. ఒక మైకు స్నేర్‌కు 17 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే శబ్దం దానికి అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిసేసరికి కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇప్పుడు పురికొస ముక్క లేకుండా నేను స్టాండ్ ముట్టుకోను. స్నేర్ నడిమధ్య నుంచి రెండు మైకులకూ దూరం ఒక్కటే ఉండాలి. చివరికి నాకు కుదిరింది బ్రిటిష్ ఇంజనీర్ గ్లిన్ జాన్స్ పేరుతో పిలిచే పద్ధతి: ఒకటి స్నేర్‌కు పైన సుమారు మీటరు ఎత్తులో, రెండోది ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబడే పెద్ద టామ్) అవతల, కాస్త కిందుగా, స్నేర్ వైపు చూస్తూ, అంతే దూరంలో. టామ్‌లకు విడిగా మైకులు లేవన్న లోటు చాలావరకు తీరింది.

గది పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే ఇంకో చిక్కు ఉంది. మైకు కప్పుకు 30 సెంటీమీటర్ల కింద ఉందనుకోండి. కప్పుకు తగిలి తిరిగొచ్చే శబ్దం సుమారు 60 సెంటీమీటర్లు అదనంగా ప్రయాణించి వెనకాలే వచ్చి కలుస్తుంది. సింబల్స్ డొల్లగా వినిపించడానికి నా గదిలో కారణం ఇదే. మైకులను కిందికి దించి, కప్పుకు మందపాటి బొంత బిగించాను. చూడటానికి అందంగా లేదు, ఇంట్లో వాళ్లు ఆ మాట రోజూ గుర్తుచేస్తారు. కానీ కండెన్సర్లు కొన్న రోజు కంటే ఆ బొంత కట్టిన రోజే రికార్డింగ్ ఎక్కువ బాగుపడింది.

కిక్ మైకును డ్రమ్ ముందు హెడ్ (ముందు పొర) రంధ్రంలో సగం లోపలికి దూరుస్తాను. బీటర్ (పెడల్‌కు ఉండే సుత్తి) వైపు జరిపితే టక్కుమనే దెబ్బ, బయటికి లాగితే గుమ్ముమనే మోత. డ్రమ్ లోపల ఒక దిండు ఉంటుంది. తర్వాత ఓవర్‌హెడ్‌లతో కలిపి వింటూ దాని పొలారిటీ మీట (సంకేతాన్ని తలకిందులు చేసేది) ఒకసారి తిప్పి చూస్తాను. ఏ వైపున అడుగు ధ్వని (బాస్) నిండుగా ఉంటే దాన్నే ఉంచుతాను.

తీరని అసంతృప్తి ఒకటుంది. టామ్‌ల మీదే నడిచే పాటల్లో చిన్న టామ్ వెనకబడిపోతుంది. నా ఇంటర్‌ఫేస్‌లో (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) ఉన్నవి నాలుగు ఇన్‌పుట్‌లే కాబట్టి, అలాంటి రోజుల్లో స్నేర్ మైకు తీసి ఆ టామ్‌కు తగిలిస్తున్నాను. స్నేర్ ఓవర్‌హెడ్‌లలో ఎలాగూ వినిపిస్తోంది.