లా సీటు కోసం కొన్న సమాజ సేవ: ఎనిమిదిన్నర వేలకి ఒక లామినేషన్ కాగితం

ఈ సేవా ప్యాకేజీకి నా రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి ఒకటి. ఆ ఒకటి కూడా చివరి రోజు తెప్పించిన పెరుగావడలకి.

బీకాం అయిపోయి మూడేళ్ల ఎల్ఎల్‌బీ సీటుకి లాసెట్ ప్రవేశ పరీక్ష రాద్దామనుకుంటున్న రోజులవి, 2024 వేసవి. బెజవాడలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు (పేరు రాయను, ఇప్పటికీ మా నాన్న అటు వెళ్తే లోపలికి పిలిచి టీ ఇస్తారు) "సార్, ఈ రోజుల్లో మార్కులొక్కటే చాలవు, అమ్మాయికి ప్రొఫైల్ ఉండాలి" అన్నారు. ప్రొఫైల్ అంటే ఏంటయ్యా అంటే మూడు ఆదివారాలు సమాజ సేవ, ఫొటోల ఫైలు, ఒక సర్టిఫికెట్. ఫీజు తొమ్మిది వేలు. నాన్న బీసెంట్ రోడ్డులో చీర బేరమాడినట్టు ఆడి ఎనిమిదిన్నరకి దించి, గెలిచానన్న ముఖంతో ఇంటికొచ్చాడు.

మొదటి ఆదివారం కృష్ణ ఒడ్డున మొక్కలు నాటడం. మే నెలలో! ఊరికి బ్లేజ్‌వాడ అని ఊరికే పేరు రాలేదు కదా. నలభై మొక్కలకి ఒక్కటే బకెట్, అది కూడా ఫొటోలో పడాలని ముందువరసలో పెట్టారు. సగం మొక్కల్ని నల్ల ప్లాస్టిక్ సంచితోనే గుంటలో దింపేశారు, సంచి తీద్దామా అని నేనడిగితే "తర్వాత తీస్తార్లే" అన్నాడు ఫొటోలు తీసే కుర్రాడు. రెండో వారం వృద్ధాశ్రమం, బిస్కెట్ ప్యాకెట్లు, ఇరవై నిమిషాలు. ఒక తాతగారు నా చేతిలో ప్యాకెట్ అందుకుని మళ్లీ నాకే తిరిగిచ్చారు, షుగరట. మూడో వారం బెంజి సర్కిల్ దగ్గర హెల్మెట్ పెట్టుకోండని అట్టలు పట్టుకుని నిలబడ్డాం, మా బ్యాచ్‌లో సగం మంది హెల్మెట్ లేకుండానే బండ్ల మీద వచ్చారు. మొత్తం కలిపి ఐదు గంటలు కూడా ఉండదు, సర్టిఫికెట్‌లో మాత్రం నలభై గంటలు అని బంగారు రంగు ముద్రతో సహా ఉంది. నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. మార్చమంటే రెండొందలు అడిగారు.

సరే, ఇంత చేసి ఆ కాగితం ఎక్కడ చూపించాలి? ఎక్కడా అక్కర్లేదు! ఏపీ లాసెట్ అంటే 120 ప్రశ్నలు, 90 నిమిషాలు: జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. ఇంటర్వ్యూ లేదు. ర్యాంకు, కేటగిరీ, ఆప్షన్లు, అంతే. విశాఖ దామోదరం సంజీవయ్య లా వర్సిటీ లాంటి చోట్లకి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష క్లాట్ రాసినా అదే కథ, అక్కడ తప్పుకి పావు మార్కు కోత కూడా. మరి ఈ ప్రొఫైల్ గోల ఎక్కడిదని ఆరా తీస్తే, అది అమెరికా సరుకు. అక్కడ డిగ్రీ అయ్యాక జేడీ అనే లా కోర్సుకి అప్లై చేసేవాళ్లు ఎల్‌శాట్ ప్రవేశ పరీక్ష స్కోరు, డిగ్రీ గ్రేడ్లతో పాటు రెజ్యూమే, సొంతంగా రాసిన వ్యాసం, సిఫార్సు ఉత్తరాలు పంపాలి, వాటిలో సేవ చేసిన అనుభవానికి కొంత విలువుంటుంది. వీళ్లు ఆ ముక్క పట్టుకొచ్చి లాసెట్ పిల్లలకి అమ్ముతున్నారు. అమెరికా వెళ్లేవాళ్లకైనా ఈ ఐదు గంటల గురించి ఏం వ్యాసం రాస్తారో నాకు తెలీదు, బకెట్ గురించి రాయాలి.

ఆ ఏడాది నా ర్యాంకు చెప్పుకునేంత రాలేదు, మళ్లీ రాద్దామని ఇంట్లో కూర్చున్నా. సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి సింగ్‌నగర్, పాయకాపురం మునిగిపోయాక, మా వీధిలో ఉండే ఒక ప్లీడరు గారు "ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్, పెన్ను పట్టుకుని రా" అన్నారు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వచ్చేవాళ్లకి ఆవిడ అర్జీలు ఉచితంగా రాసిస్తారు. దీనికి ఫీజు లేదు, ఫొటో లేదు, టీ మనమే తాగించాలి.

మొదటిరోజు నా ముందు కూర్చున్న మామ్మ కాగితాలన్నీ ఒక పాత క్యారీబ్యాగ్‌లో తెచ్చింది. తడిసి ఆరి అప్పడాల కట్టలా అతుక్కుపోయాయి. తలలోంచి పిన్ను తీసి ఒక్కో కాగితం అంచు లేపుతుంటే ముద్రల ఊదారంగు సిరా వేళ్లకి అంటుకుంది. ఆవిడ అద్దెకుండేది కింద ఇంట్లో. మునిగిన కింది ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ప్రకటించింది కదా, ఆ లెక్క రాసుకోవడానికి సిబ్బంది వచ్చిన రోజు ఈవిడ తెనాలిలో కూతురింట్లో ఉంది, ఇంటికి తాళం. జాబితాలో పేరు లేదు. నేను కళ్లనీళ్లు పెట్టుకుని రెండు పేజీలు రాశా, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, మంచం ఎలా తేలింది, అన్నీ. ప్లీడరు గారు చదివి, అడ్డంగా కొట్టేసి, "అర్జీలో ఏడవకూడదు, అడగాలి" అన్నారు. మిగిలింది ఆరు లైన్లు: పేరు, డోర్ నంబరు, ఏ అంతస్తు, ఎప్పటినుంచి అద్దెకున్నదీ, రుజువుగా ఏ కాగితాలు జతచేసిందీ, మళ్లీ పరిశీలించమని వినతి. లాసెట్‌కి చదివిన ఏ గైడులోనూ ఇది లేదు.

ఇలా అర్జీలు రాయడానికి వెళ్తే, వాలంటీర్‌ని అని మాత్రం చెప్పకండి. నేనూ అలాగే చెప్తే మామ్మ మొహం వెలిగిపోయి "అయితే పింఛను నువ్వే తెస్తావా తల్లీ?" అంది. 2019లో వచ్చి ఇంటింటికీ పింఛను పంచిన వార్డు వాలంటీర్ల తర్వాత ఈ మాటకి మన దగ్గర వేరే అర్థం లేదు.

ఆ మామ్మకి డబ్బు వచ్చిందా అంటే, రెండుసార్లు తిరిగింది, తర్వాత రావడం మానేసింది. డబ్బు వచ్చి మానేసిందో, విసిగి మానేసిందో నాకు తెలీదు. ఈ పనిలో నాకు నచ్చనిది అదే, సగం కథలకి చివర ఏమైందో తెలియదు.

ఇంకాస్త పద్ధతిగా చేయాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లుంటారు (న్యాయ సాయం కావాల్సినవాళ్లకి దారి చూపేవాళ్లు), గుంటూరువాళ్లయితే జిల్లా కోర్టు ఆవరణలో అడగండి. లా చదివి ఉండక్కర్లేదు, ఎంపిక చేసి శిక్షణ వాళ్లే ఇస్తారు, జనం దగ్గర పైసా తీసుకోకూడదు, కోర్టులో వాదించే పనీ కాదు. ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని పెట్టించుకోవచ్చని 1987 చట్టంలోనే ఉంది, ఈ సంగతి తెలియక నగలు తాకట్టు పెట్టిన వాళ్లని చూశా. ఉచిత న్యాయ సాయం నంబరు 15100కి ఫోన్ చేయమని చెప్పడం కూడా పెద్ద సాయమే. సీటొచ్చాక ఎలాగూ మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్లదానిలో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి, దానికి ముందే చేయి తిరిగితే మంచిదేగా.

కాబట్టి ప్యాకేజీ కొనకండి. సర్టిఫికెట్ పూర్తిగా దండగ అనను, లామినేషన్ గట్టిది, ఒళ్లో పెట్టుకుని దాని మీదే అర్జీలు రాస్తున్నా. సోమవారం వెళ్లేవాళ్లు తొమ్మిదింటికల్లా ఉండండి, నీళ్ల సీసా, రెండు పెన్నులు, తెల్ల కాగితాలు, స్టాప్లర్ తీసుకెళ్లండి. స్టాప్లర్ మాత్రం ఎవరికీ ఇవ్వద్దు, నావి మూడు పోయాయి.