లినక్స్‌లో వాడే ఎక్స్‌టర్నల్ డిస్క్: ఎక్స్‌ఫ్యాటా, ఎన్‌టీఎఫ్ఎస్సా, ఈఎక్స్‌టీ4ఆ?

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని, కొత్త హార్డ్‌డిస్క్ కొనగానే అడిగేది ఒకటే: "అన్నా, దేంట్లో ఫార్మాట్ చేయాల?" ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 అనేవి ఫైల్‌సిస్టమ్‌లు, అంటే డిస్క్‌లో ఫైళ్లను సర్దిపెట్టే పద్ధతులు. ముందు నేను అడిగేది ఇది: ఆ డిస్క్ యాడయాడ తిరుగుతుంది?

ఫొటో స్టూడియోకి, జిరాక్స్ షాపుకి, కడపలో చుట్టాలింటికి తిరిగేదైతే ఎక్స్‌ఫ్యాట్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. ఫ్యాట్32 కూడా ఎక్కడైనా పనిచేస్తుంది గానీ అందులో ఒక ఫైలు 4 జీబీకి చేరకూడదు. ముహూర్తం వీడియో ఒక్కటే అంతకు మించిపోతుంది. 2019లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టాక లినక్స్ కెర్నెల్‌లోకే (సిస్టమ్‌ను నడిపే అసలు భాగంలోకే) డ్రైవర్ వచ్చేసింది. కెర్నెల్ 5.7 వెర్షన్ నుంచి ఉన్నది శాంసంగ్ రాసిన డ్రైవర్, బాగా పనిచేస్తుంది.

కానీ ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) లేదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో రాస్తుండగా కరెంటు పోతే ఫోల్డర్లు చెడిపోయే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి: కాపీ వంద శాతం అయినట్టు చూపించినా, డిస్క్ మీది చిన్న లైటు ఇంకా మినుకుమినుకుమంటూనే ఉంటుంది. చివరి భాగం అప్పటికింకా ర్యామ్‌లోనే ఉందన్నమాట. ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చని మెసేజ్ వచ్చేదాకా కేబుల్ ముట్టుకోవద్దు.

ఎన్‌టీఎఫ్ఎస్‌కు జర్నల్ ఉంది, 5.15 కెర్నెల్ నుంచి పారగాన్ రాసిన డ్రైవర్ కూడా ఉంది. అయినా కొత్త డిస్క్‌కు నేను దాన్ని చెప్పను. విండోస్‌లో ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే లినక్స్ దాన్ని రీడ్ ఓన్లీగానే తెరవొచ్చు, అసలు మౌంట్ చేయననీ (సిస్టమ్‌కు కలుపుకోననీ) అనొచ్చు. అప్పుడు మళ్లీ విండోస్ మెషీన్ వెతుక్కుని డిస్క్‌లో తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపాలి. ఇప్పటికే డేటా నిండి ఉన్న పాత డిస్క్ అయితే మాత్రం అలాగే వాడుకోండి, మార్చే టెన్షన్ వద్దు.

ఇంట్లోనే ఉండే బ్యాకప్ డిస్క్‌కు ఈఎక్స్‌టీ4ను మించింది లేదు. కరెంటు పోయినా జర్నల్ వల్ల తొందరగా కోలుకుంటుంది, ఫైళ్ల పర్మిషన్లు (ఏ ఫైలు ఎవరు తెరవొచ్చనే వివరాలు) ఉన్నవి ఉన్నట్టు నిలుస్తాయి. విండోస్ మాత్రం నేరుగా చదవదు. వేరేవాళ్ల లినక్స్‌లో పెడితే యూజర్ నంబర్ కలవక 'పర్మిషన్ డినైడ్' రావచ్చు. ఫార్మాట్ చేసినప్పుడు 5 శాతం చోటు రూట్ (సిస్టమ్ అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెడుతుంది. 1 టీబీ డిస్క్‌లో అది దాదాపు 50 జీబీ. బ్యాకప్ డిస్క్‌కు అంత అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్ఎస్ అనే కమాండ్‌తో సున్నా చేసుకోవచ్చు.

డబ్బు సరిపోతే డిస్క్‌ను ఈఎక్స్‌టీ4 చేసి ఇంట్లో ఉంచి, తిప్పడానికి ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ ఒకటి కొనమంటాను. డిస్క్‌ను ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌లు కలుపుకోవాలో చెప్పే ఫైల్లో) రాసేటప్పుడు యూయూఐడీతో (దాని ప్రత్యేక గుర్తింపు నంబర్‌తో) రాసి, పక్కన 'నోఫెయిల్' తప్పకుండా పెట్టండి. లేకపోతే డిస్క్ తగిలించని రోజు సిస్టమ్ దానికోసం ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది.