ఐప్యాడా, గెలాక్సీ ట్యాబా?

2010లో ఐప్యాడ్ వచ్చిన కొన్ని నెలలకే సామ్‌సంగ్ 7 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ దింపింది. అంత చిన్న తెర పనికిరాదని ఐప్యాడ్ తయారుచేసే యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తీసిపారేశారు. 2012లో యాపిలే 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీ తెచ్చింది! పోటీ అంటే అదే మరి.

ఖర్చు: ఐప్యాడ్‌కి పెన్సిల్ (తెర మీద రాసే, గీసే పెన్ను) విడిగా కొనాలి. గెలాక్సీ ట్యాబ్ ఎస్ సిరీస్‌లో అలాంటిదే అయిన ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది. కొనేముందు రెండింటి మొత్తం లెక్క వేసుకోండి, ట్యాబ్ ధర ఒక్కటే చూస్తే మోసపోతాం.

స్టోరేజ్: ఐప్యాడ్‌లో మెమరీ కార్డు పెట్టే చోటే లేదు, మొదట ఎంత కొంటే అంతే. గెలాక్సీ ట్యాబ్‌లు చాలావాటిలో మైక్రో ఎస్‌డీ కార్డు వేసుకోవచ్చు. సినిమాలు దింపుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

యాప్‌లు: ఇక్కడ ఐప్యాడే ముందు. ప్రోక్రియేట్ లాంటి బొమ్మలేసే యాప్ ఆండ్రాయిడ్‌లో దొరకదు. ఆండ్రాయిడ్‌లో కొన్ని యాప్‌లు ఇప్పటికీ సాగదీసిన ఫోన్ తెరలా కనిపిస్తాయి, చిరాకు.

రిస్క్: చవక ట్యాబ్‌లలో అప్‌డేట్లు త్వరగా ఆగిపోవచ్చు. ఎన్నేళ్లు ఇస్తారో అడిగాకే డబ్బు కట్టండి.

బొమ్మలు, వీడియో ఎడిటింగ్ అయితే ఐప్యాడ్. ఇప్పటికే ఐఫోన్ ఉన్నా అదే. నోట్సు, సినిమాలు, పెన్‌డ్రైవ్ నుంచి ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడం ఎక్కువైతే గెలాక్సీ. పిల్లల వీడియోలకే అయితే రెండింటిలోనూ ఖరీదైన మోడల్ జోలికి పోవద్దు.