సర్ హంఫ్రీ మేలా, మాల్కమ్ టక్కర్ మేలా?

బ్రిటిష్ రాజకీయాలను వెక్కిరించిన టీవీ సీరియళ్లు చాలానే ఉన్నా, ఏది గొప్పదన్న వాదన చివరికి రెండింటి దగ్గరికే వస్తుంది. ఒకటి 1980లో బీబీసీ టూలో మొదలైన ‘యెస్ మినిస్టర్’. రెండోది 2005లో బీబీసీ ఫోర్‌లో మొదలైన ‘ది థిక్ ఆఫ్ ఇట్’. రెండింటిలోనూ ఒక కల్పిత మంత్రిత్వ శాఖ, దానికో తడబాటు మంత్రి, ఆ మంత్రిని ఆడించే మరో మనిషి. ఆ ఆడించేది ఎవరన్న దగ్గరే దారులు వేరవుతాయి. మొదటిదాంట్లో శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ ఆపిల్‌బీ. రెండోదాంట్లో ప్రధాని కార్యాలయం నుంచి ఊడిపడే మాల్కమ్ టక్కర్. రేపటి పేపర్లో ఏం రావాలో, ఏం రాకూడదో చూడటం అతని పని.

నా ఓటు హంఫ్రీకే. కారణం చెప్పాలంటే 1981లో వచ్చిన ఆసుపత్రి ఎపిసోడ్ గురించి చెప్పాలి.

లండన్‌లో కొత్త ఆసుపత్రి. వందల మంది సిబ్బంది, అన్ని విభాగాలు, తళతళలాడే వార్డులు. రోగి మాత్రం ఒక్కడూ లేడు. పైగా దేశంలోకెల్లా చక్కగా నడిచే ఆసుపత్రుల్లో అదొకటట, శుభ్రతకు అవార్డు కూడా రావొచ్చట. మంత్రి జిమ్ హ్యాకర్ గుండెలు బాదుకుంటాడు. హంఫ్రీ మాత్రం తొణకడు, బెణకడు. యుద్ధం లేదని సైన్యాన్ని ఇంటికి పంపేస్తారా అని అడుగుతాడు. ఫలితాలతో మాకు పని లేదు, పని జరుగుతోందా లేదా అన్నదే మా కొలమానం అంటాడు. ఆ వాదన తప్పని మనకు తెలుసు. కానీ ఎక్కడ తప్పో హ్యాకర్‌తో పాటు మనమూ ఓ క్షణం తడుముకుంటాం. ఆ తడుముకోవడంలోనే నవ్వు పుడుతుంది.

ఇలాంటి వాదన రాయడం తేలిక కాదు. రచయితలు ఆంటొనీ జే, జోనథన్ లిన్ కూర్చుని ఊహించేసినవి కావవి. హెరాల్డ్ విల్సన్ ప్రధానిగా ఉన్నప్పుడు డౌనింగ్ స్ట్రీట్‌లో పనిచేసిన మార్షా విలియమ్స్, బెర్నార్డ్ డొనహ్యూ వాళ్లకు లోపలి సంగతులు చెప్పేవారు. హంఫ్రీ ప్రతి ఎత్తుకూ ఎక్కడో ఒక నిజం ఫైలు ఉన్నట్టనిపించడం అందుకే. నైజెల్ హాథార్న్ ఆ గుక్కతిప్పుకోని వాక్యాలను ఎక్కడా కాలు జారకుండా చెప్పి, ఆ ఒక్క పాత్రకే నాలుగు బాఫ్టా అవార్డులు అందుకున్నాడు. హ్యాకర్‌గా చేసిన పాల్ ఎడింగ్టన్‌కు రావాల్సిన పేరు రాలేదన్నది నా ఫిర్యాదు. తెలివైనవాణ్ని నటించడం కన్నా, సగం తెలివైనవాణ్ని మన జాలి పోకుండా నటించడం కష్టం.

అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్‌కు ఈ సీరియల్ ఎంత ఇష్టమంటే, 1984లో ఆమె ఆ ఇద్దరు నటులతో కలిసి ఒక స్కెచ్‌లో నటించింది కూడా. ఆర్థికవేత్తలనే రద్దు చేయాలని అందులో ఆమె పట్టు. చూసినవాళ్లకు అది ఎందుకు బాగాలేదో వేరే చెప్పక్కర్లేదు. అయినా అధికారంలో ఉన్నవాళ్లే ముచ్చటపడ్డారంటే, ఆ వ్యంగ్యం వాళ్లకు ఎక్కడా గుచ్చుకోలేదనేగా? యెస్ మినిస్టర్ మీద నిలిచే ఆరోపణ ఇదొక్కటే.

ది థిక్ ఆఫ్ ఇట్‌ను చూసి ఏ ప్రధానీ ముచ్చటపడే వీల్లేదు. మొదటి ఎపిసోడ్‌లోనే మంత్రి హ్యూ అబట్ ఒక కొత్త పథకం ప్రకటించడానికి కారులో బయల్దేరతాడు. దారిలో ఉండగా ఆ పథకం వద్దని కబురు. విలేకరులు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఇక కారు వెనక సీట్లో ముగ్గురు చేరి పైసా ఖర్చు కాని, ఎవరికీ కోపం రాని పథకం ఒకటి అప్పటికప్పుడు వెతుకుతారు. ఏమీ ప్రకటించకుండా ఏదో చెప్పి బయటపడ్డాక, అసలు పథకమే మంచిదని పైనుంచి ఇంకో కబురు. అప్పుడు మాల్కమ్ చేసేదేమిటంటే, ప్రకటించనిదాన్ని ప్రకటించినట్టుగా అందరినీ ఒప్పించడం.

ప్రేక్షకుల నవ్వుల శబ్దం లేదు. కెమెరా చేతుల్లో ఊగుతూ తలుపుల చాటు నుంచి చూస్తుంటుంది. రాసిన డైలాగులకు నటులు తమ మాటలు కలుపుతుంటారు. ఇక బూతులు... వాటికోసం ప్రత్యేకంగా ఒక రచయితను పెట్టుకున్నారంటే అర్థం చేసుకోండి. మాల్కమ్‌గా చేసిన పీటర్ కపాల్డీ నోట అవి తిట్లలా ఉండవు, అవధానంలో పూరణల్లా ఒకదాని వెనక ఒకటి తన్నుకొస్తాయి. నిమిషానికి ఎన్నిసార్లు నవ్వామన్నదే లెక్కయితే ఇదే గెలుస్తుంది.

గుచ్చుకోవడంలోనూ ఇదే ముందు. మూడో సీజన్‌లో శాఖవాళ్లు వలసదారుల రికార్డులు పోగొట్టుకుంటారు. అతిశయం అనుకోకండి. 2007లో అక్కడి పన్నుల శాఖ నిజంగానే రెండున్నర కోట్ల మంది వివరాలున్న డిస్కులను పోగొట్టుకుంది.

రెండు సీరియళ్ల మధ్య పాతికేళ్లలో హంఫ్రీ ఏమయ్యాడు? 1997లో టోనీ బ్లెయిర్ వచ్చీ రాగానే అలస్టెయిర్ క్యాంప్‌బెల్, జోనథన్ పావెల్ అనే ఇద్దరు రాజకీయ సలహాదారులకు ప్రభుత్వోద్యోగులకే ఆదేశాలిచ్చే అధికారం కట్టబెట్టాడు. బల్ల ఆ పక్క నుంచి ఈ పక్కకు తిరిగింది. అందుకే ది థిక్ ఆఫ్ ఇట్‌లో ఉద్యోగి అంటే టెరీ. ఎప్పుడు ఇంటికెళ్దామా అని చూసే టెరీ. ఒకప్పుడు మంత్రుల్ని తోలుబొమ్మల్లా ఆడించిన వర్గం ఇప్పుడు పెన్షన్ లెక్కలు చూసుకుంటోంది. రెండూ వరుసగా చూస్తే తప్ప ఈ మార్పు తెలియదు.

తమాషా ఏమిటంటే, 2004లో బీబీసీ అత్యుత్తమ సిట్‌కామ్ కోసం ఓటింగ్ పెట్టినప్పుడు యెస్ మినిస్టర్ తరఫున వాదించింది అర్మాండో ఇయనూచీ. అది ఆరో స్థానంలో నిలిచింది. ఆ మరుసటి ఏడే ఆయన ది థిక్ ఆఫ్ ఇట్ తీశాడు. ఇష్టపడ్డదాన్ని కాపీ కొట్టకుండా దానికి జవాబు రాశాడు, మెచ్చుకోవాలి.

మరి నేను పాతదాన్నే ఎందుకు పట్టుకున్నాను? మాల్కమ్‌కు ఓ నమ్మకమంటూ లేదు. పార్టీ రేపటిదాకా బతకాలి, అంతే. ఎదుటివాళ్లకూ అంతకు మించి ఏమీ లేదు. ఎవరు ఓడినా మనకు పోయేదేమీ ఉండదు. నాలుగైదు ఎపిసోడ్లు ఒక్క రాత్రిలో చూస్తే చెవులు అలిసిపోతాయి. హ్యాకర్‌కు మాత్రం అప్పుడప్పుడూ నిజంగానే ఒక మంచి పని చేయాలని ఉంటుంది. హంఫ్రీకి దాన్ని ఆపాలని ఉంటుంది, ఆపడానికి కారణమూ ఉంటుంది, కొన్నిసార్లు ఆ కారణం సరైనదే అయి చస్తుంది. అందుకే తెలిసిన ముగింపు కోసం మళ్లీ చూస్తాం.

మనకైతే ఇంకో సౌకర్యం. ఆంగ్లేయులు వదిలివెళ్లిన సచివాలయమే కాబట్టి హంఫ్రీని పరిచయం చేయక్కర్లేదు. ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు విన్నవాళ్లెవరైనా ఆయన్ని కలిసినట్టే. 2001లో స్టార్ ప్లస్ దీన్నే ‘జీ మంత్రీజీ’గా హిందీలో తీస్తే, ఫారూఖ్ షేక్ మంత్రిగా చక్కగా ఒదిగిపోయాడు. ది థిక్ ఆఫ్ ఇట్‌ను అలా తెలుగులోకి దించాలంటే ముందు బూతుల దగ్గరే సెన్సార్ ఆపేస్తుంది. అది పోయినా, మన మంత్రుల పేషీల్లో వినయం ఎక్కువ. అక్కడి అరుపులు ఇక్కడ అతకవు.

మొదలుపెట్టేవాళ్లు యెస్ మినిస్టర్ మొదటి సీజన్ నుంచే వెళ్లండి, ఆ తర్వాత 1986 నాటి ‘యెస్, ప్రైమ్ మినిస్టర్’. రెండూ కలిపినా 38 ఎపిసోడ్లే. నాన్నగారితో కూర్చుని చూడొచ్చు. ది థిక్ ఆఫ్ ఇట్‌కు సబ్‌టైటిల్స్ తప్పనిసరి, కపాల్డీ స్కాటిష్ యాస వేగానికి అలవాటు పడేదాకా అయినా. ఓపిక తక్కువైతే రెబెకా ఫ్రంట్ మంత్రిగా వచ్చే మూడో సీజన్‌తో మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్స్ మర్చిపోకండి.