కర్రోడితో హార్సిలీ కొండలు, పలమనేరు: అయిదు రోజుల ప్రయాణం

కర్రోడు మా ఇంట్లో పెరిగిన నాటు కుక్క. అయిదేళ్ళ వయసున్నా తిరుపతిలో మా పేట పొలిమేర దాటి ఎరగదు. మార్గశిర మాసంలో నేనూ మా తమ్ముడూ దాన్ని కారులో ఎక్కించుకుని చంద్రగిరి, భాకరాపేట, పీలేరు మీదుగా హార్సిలీ కొండలకు వెళ్ళి, అక్కడినుంచి పలమనేరు దిగి, అయిదో రోజు రాత్రికి ఇల్లు చేరుకున్నాం. మూడు చోట్ల బస చేశాం. కుక్కను తీసుకుని కొండ ప్రాంతాలకు వెళ్ళాలనుకునేవారికి ఆ బసల మంచిచెడ్డలు చెప్పాలని ఇది రాస్తున్నాను. బస కుదుర్చుకునేటప్పుడు మేము అందరినీ అడిగింది ఒక్కటే: "కుక్కను రానిస్తారా?" అడగవలసింది అది కాదని, ఆ చుట్టుపక్కల ఏయే జీవాలు మేస్తున్నాయో, ఏయే మృగాలు తిరుగుతున్నాయో, కుక్కను ఎక్కడ నడిపించవచ్చో అడగాలని మూడో రోజు సాయంత్రానికి గాని మాకు తెలిసిరాలేదు.

బయలుదేరే ముందు మాకు తెలిసిన పశువైద్యురాలి దగ్గరకు వెళ్ళాం. రేబిస్ టీకా గడువులోనే ఉంది. డిస్టెంపరు, పార్వో, లెప్టోస్పైరా అనే జబ్బులకు కలిపి వేసే టీకా మాత్రం గడువు దాటిపోయింది కాబట్టి వేయించి, మూడు వారాలు ఆగి బయలుదేరాం. డిస్టెంపరు కుక్కల జబ్బే అయినా కుక్కలతో ఆగదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో అది సింహాలకు సోకి, అక్కడి సింహాలలో దాదాపు మూడో వంతు చనిపోయాయి. చిరుతలు తిరిగే శేషాచలం అంచుల్లోకి టీకా లేని కుక్కను తీసుకుపోవడం అంటే ఏమిటో ఆమె ఆ ఉదాహరణతోనే మాకు చెప్పారు. నులిపురుగులకు, బద్దెపురుగులకు మందు కూడా వేయించుకోమన్నారు. బద్దెపురుగు మందు ఇంటికి తెచ్చాను గాని, టీకా హడావుడిలో వేయడం మరిచిపోయాను. ఆ మరుపు గురించి తర్వాత చెబుతాను.

చంద్రగిరిలో ఆగింది గంటన్నరే. కోటలోని రాజమహల్, అందులోని పురావస్తు ప్రదర్శనశాల చూడదగినవి. కుక్కతో లోపలికి వెళ్ళే చోట్లు కావు. నేను లోపలికి వెళ్ళినప్పుడు తమ్ముడు బయట చింతచెట్టు నీడలో కర్రోడితో ఉన్నాడు, తర్వాత నేను ఉన్నాను. అద్దాలు ఎక్కించిన కారులో కుక్కను వదిలి వెళ్ళడం చలికాలంలోనైనా ప్రాణాంతకమే. ఎండ తగిలిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది. కోట వెనక గుట్ట మీద మేకలు మేస్తుండడం చూసి అటు నడవలేదు.

తలకోన జలపాతం మా దారికి దగ్గరే. 82 మీటర్ల ఎత్తునుంచి దూకే ఆ నీటిని తమ్ముడు ఇంతవరకూ చూడలేదు. అయినా ఈసారికి వద్దనుకున్నాం. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం లోపలిది. కుక్క వాసన సోకితేనే దుప్పులు, కణుతులు అనే పెద్ద జింకలు నీటి చెలమల దగ్గరకు రావడానికి జంకుతాయి. తరిమితే ఆ పరుగుకే గుండె ఆగి చనిపోయే జింకలుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడంతో పాటు తరమడం కూడా ఉంది. "మా కుక్క ఊరికే ఆడుకుంటూ వెంటపడింది" అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

హార్సిలీ కొండలు 2022 దాకా చిత్తూరు జిల్లాలోవే. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర ఇక్కడ వేసవి విడిది కట్టుకోకముందు దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. దాదాపు 1,265 మీటర్ల ఎత్తు, నీలగిరి చెట్ల వాసన, తెల్లవారుజామున మంచు. గాలిబండ మీద నిలబడితే కింద పొలాలు గళ్ళ దుప్పటి పరిచినట్టు కనిపిస్తాయి. అక్కడి గాలి బలం పేరుకు తగినదే. బండ అంచు వాలుగా, నునుపుగా ఉంటుంది కాబట్టి కుక్క తాడును చేతికి ఒక చుట్టు చుట్టుకుని నిలబడాలని నా సలహా. తెల్లవారాక ఏడు గంటలనుంచి తొమ్మిది గంటలదాకా తారు రోడ్డు మీద నడక ఎంతో హాయిగా సాగింది.

కొండ మీద మేము దిగిన బస గురించి అంత మంచిగా చెప్పలేను. "పెంపుడు జంతువులకు స్వాగతం" అని బోర్డు ఉంది, రాత్రికి అదనంగా అయిదు వందలు తీసుకున్నారు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వేళకు వచ్చాయి. కాని కుక్క గురించి ఒక్క మాట అడగలేదు, చెప్పలేదు. చుట్టూ ప్రహరీ లేదు. వంటింటి వెనక గుంతలో మిగిలిన అన్నం, కోడి ఎముకలు పారబోస్తున్నారు. పగలు దాని చుట్టూ కోతులు, చీకటి పడగానే వీధికుక్కలు. వీధికుక్కలు చేరే చోటికి వాటిని తినే మృగం కూడా వస్తుంది. మహారాష్ట్రలో అకోలే ప్రాంతపు పల్లెల్లో చిరుతలు ఏమి తింటున్నాయో పరిశోధకులు లెక్క తీస్తే, వాటి ఆహారంలో అన్నిటికంటే పెద్ద వాటా, బరువులో 39 శాతం, కుక్కలదే అని తేలింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుతకు బలైనప్పటినుంచి తిరుపతివాళ్ళం చిరుత మాటను తేలికగా తీసుకోలేము. రాత్రి పది గంటలకు కర్రోడిని బయట తిప్పుకురావచ్చా అని అడిగితే, పనిచేసే కుర్రవాడు, "వదిలేయండి మేడం, అదే తిరిగొస్తాది" అన్నాడు. రెండు రాత్రులకు డబ్బు కట్టినా ఒక రాత్రితో ఖాళీ చేశాం.

కొండ దిగి అంగళ్ళు వైపు వస్తే మామిడితోటలో రెండు గదుల ఇల్లు ఒకటి అద్దెకు ఇస్తారు. ఫోనులోనే ఆ ఇంటావిడ నన్ను నిలదీసినంత పని చేశారు: టీకా పుస్తకం ఉందా, పురుగుల మందు ఎప్పుడు వేశారు, పశువులను చూస్తే మీద పడుతుందా, మెడకు బెల్టా, ఒంటికి తొడిగే పట్టీయా? మొదట కాస్త నొచ్చుకున్నాను. వెళ్ళి చూస్తే ఆమె కొట్టంలో పుంగనూరు ఆవు, దాని పక్కన పది రోజుల దూడ. మన నడుము ఎత్తు కూడా లేని ఆ ఆవు కర్రోడిని చూడగానే తల దించి, చెవులు వెనక్కి వేసి, కాలితో నేల గీరింది.

"అక్కా, మావాడు నెమ్మదస్తుడే" అన్నాను.

"మీవాడు నెమ్మదే కావచ్చమ్మా, ఆవుకు ఆ సంగతి తెలీదు గదా? దూడ తల్లి మీదికొస్తే తాడు వదిలేయండి. అది కుక్క మీదికి వస్తాదే గాని మీ మీదికి రాదు. పట్టుకోని నిలబడితే మీరు మధ్యలో నలిగిపోతారు" అన్నారు ఆమె.

ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఈ ప్రయాణంలో ఎవరూ చెప్పలేదు. కొట్టానికి ఎదురు దిక్కున కుక్కకు చోటు చూపించారు. గడ్డివాము దగ్గరకు మాత్రం ససేమిరా పోనివ్వలేదు. కుక్క పెంటలో ఉండే నియోస్పోరా అనే సూక్ష్మజీవి మేత ద్వారా కడుపులోకి పోతే చూడి ఆవులు ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. ఆమెకు ఆ పేరు తెలియదు, ఫలితం తెలుసు. మేము కాగితంతో ఎత్తి సంచిలో వేసుకున్న పెంటను పూడ్చడానికి తోట మూలన ఒక గుంత, పక్కన పార సిద్ధంగా ఉన్నాయి. అద్దె రాత్రికి పన్నెండు వందలు, కుక్కకు అదనం లేదు. రాగిసంగటి, ఊరిబిండి పెట్టారు.

తప్పు జరిగింది మూడో రోజు సాయంత్రం, అది నాదే. చెరువుకట్ట మీద నడుస్తుండగా మలుపు తిరిగేసరికి గొర్రెల మంద ఎదురైంది, అరవైకి తక్కువ ఉండవు. కర్రోడు వెనక్కి గుంజుకున్నాడు. రెండు వేళ్ళు మాత్రమే పట్టేంత బిగువుగా ఉండవలసిన మెడబెల్టు నాలుగు వేళ్ళు పట్టేంత వదులుగా ఉండి, తలమీదుగా జారి నా చేతిలో మిగిలింది. కరవడానికి పోలేదు, మొరగనైనా లేదు, సంతోషంగా పరుగెత్తాడు, అంతే. కాని గొర్రెకు పరుగెత్తుకొచ్చే కుక్క ఏ ఉద్దేశంతో వచ్చినా ఒకటే. మంద మొత్తం ఒక్క ఊపున కట్ట దిగువకు విరుచుకుపడింది. చూడి గొర్రె ఒకటి రాళ్ళ మీద పొట్ట తగిలేలా పడి, లేవలేక కాళ్ళు కొట్టుకుంది. మందను కాసే రెండు కుక్కలు కర్రోడిని చుట్టుముట్టాయి. తమ్ముడు వెళ్ళి పట్టుకునేసరికి కర్రోడి చెవి చీలింది.

కాపరి పెద్దాయన అరవలేదు. గొర్రె దగ్గర కూర్చుని పొట్ట మీద అరచేయి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. "ఇంగ నెల దినాల్లో ఈనేది తల్లీ" అన్నాడు. తర్వాత మందలోంచి ఇంకొక గొర్రెను చూపించాడు. అది తల ఒక పక్కకు వాల్చుకుని, ఎటు నడవబోయినా ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ ఉంది. అది కుక్క కడుపులోని బద్దెపురుగు వల్ల వచ్చే జబ్బు. పురుగు గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడతాయి, గొర్రె ఆ గడ్డి మేస్తే మెదడులో నీటితిత్తి పెరుగుతుంది, చనిపోయిన గొర్రె తలను మళ్ళీ కుక్కలకు వేస్తే చుట్టు పూర్తవుతుంది. అక్కడ గొర్రె తలలను కాపు కుక్కలకు వేయడం మామూలే. నా సంచిలో వేయకుండా ఉంచిన ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగు మాత్ర నాకు ఆ నిమిషంలో గుర్తొచ్చింది. ఆ రాత్రే కర్రోడికి వేశాను. మిగిలిన మాత్రలు తోట అక్క చేతికి ఇచ్చి, బరువుకు ఎంత వేయాలో పశువైద్యుణ్ణి అడిగి కాపరి కుక్కలకు వేయించమని చెప్పాను.

1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం మరునాడు ఉదయం వచ్చింది. గొర్రెకు నొప్పి తగ్గడానికి సూది వేసి, పిల్ల సంగతి కొన్ని రోజులు చూడాలన్నారు. కర్రోడి చెవిని సబ్బునీళ్ళతో పావుగంట కడిగి ఉంచాం. టీకా గడువులోనే ఉన్నా కరిచినవి టీకా లేని కుక్కలు కాబట్టి మళ్ళీ వేయించాలన్నారు. మదనపల్లెలో వేయించి, అక్కడే ఛాతీకీ పొట్టకూ రెండు చోట్ల బిగించే పట్టీ కొన్నాం. లాగితే సాగే తాడును ఇక వాడబోము. కొండదారిలో మనిషి చేతినుంచి రెండు మీటర్లు దాటిన కుక్క మన చేతిలో ఉన్నట్టు కాదు.

పలమనేరులో ఒక లాడ్జివారు కుక్క వద్దని ఫోనులోనే చెప్పేశారు. ఆ మాట నాకు నచ్చింది, వెదుకులాట తప్పింది. మా అత్త కూతురి ఇంట్లో దిగాం. 1990లో ప్రకటించిన కౌండిన్య అభయారణ్యం అక్కడికి దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో ఏనుగులకు పేరుపడిన అడవి అదే. చెరకు, వరి, మామిడి కోసం ఏనుగులు పొలాల్లోకి దిగడం అక్కడివారికి నిత్యవ్యవహారం. వాటిని మళ్ళించడానికి 2025లో కర్ణాటకనుంచి కుంకీలను, అంటే తర్ఫీదిచ్చిన మచ్చిక ఏనుగులను తెచ్చి దగ్గరలోని ముసలిమడుగులో శిబిరం పెట్టారు. ఆ ఇంట్లో సాయంత్రం ఆరు కొట్టేసరికి గేటు వేసి, కర్రోడిని లోపలికి తెమ్మన్నారు. ఏనుగును చూసిన కుక్క మొరుగుతుంది, ఏనుగు తిరగబడితే పరుగెత్తుకుంటూ వచ్చి యజమాని కాళ్ళ వెనకే దూరుతుంది. ఎలుగుబంటి విషయంలోనూ ఇదే జరుగుతుంది.

అక్కడ కుక్కకు ఇంకొక ప్రమాదం మృగాలది కాదు. అడవిపందుల కోసం మాంసమో కొవ్వో పూసి పెట్టే నాటుబాంబులు, పొలం గట్ల వెంట రాత్రి పూట కరెంటు పారించే తీగలు. బాంబు కొరికి దవడ పోయిన ఆవును మా అత్త కూతురి పొరుగువారు ఏడాది కిందట చూశారట. నేల మీద ఏది దొరికినా నోట పెట్టే అలవాటున్న కర్రోడిని అక్కడ ఇంటి వాకిట్లో తప్ప నడిపించలేదు. ఆ ఊరు మా మనసుకు నచ్చినా కుక్కతో వెళ్ళదగిన చోటని చెప్పలేను.

ఇల్లు చేరాక కర్రోడి ఒళ్ళంతా వెదికితే చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో పదకొండు పిడుదులు దొరికాయి. చర్మానికి ఆనించి పట్టకారుతో నిలువుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, నిప్పు తగిలించడం చేయకూడదు. మూడు వారాలదాకా జ్వరం, మందకొడితనం ఉన్నాయేమో చూశాం, రాలేదు.

పెద్దాయన గొర్రె ఎనిమిదో రోజున ఈసుకుపోయిందని తోట అక్క ఫోను చేశారు. పిల్ల ధర కట్టి పంపిస్తే ఆయన సగమే తీసుకుని మిగిలింది తిప్పి పంపించాడు. ఆ సగంతో ఆయన కుక్కలు రెండింటికీ రేబిస్ టీకా వేయించమని అక్కను అడిగాను, వేయించారు. సంక్రాంతి తర్వాత మళ్ళీ వస్తామంటే రమ్మన్నారు. కర్రోడికి పురుగుల మందు మళ్ళీ ఏ తేదీన వేస్తామో ముందుగా చెప్పమన్నారు, క్యాలెండరు చూసి చెప్పాను.