గ్రామర్ స్కూల్ అప్పీలు: సైకాలజిస్టు రిపోర్టా, హెడ్ టీచర్ లేఖా?

ఇంగ్లండులో గ్రామర్ స్కూళ్లలో, అంటే పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ సెకండరీ స్కూళ్లలో, సీటు కోసం రాసే ఎలెవెన్ ప్లస్‌లో పిల్లాడికి నాలుగైదు మార్కులు తగ్గితే చాలు, మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సీటు కోసం అప్పీలు చేసేవాళ్లకి ఒకటే సలహా: "ఎడ్యుకేషనల్ సైకాలజిస్టు రిపోర్టు తీసుకోండి." పిల్లాడి తెలివితేటల్ని కొలిచి ఇచ్చే ఆ రిపోర్టుకి వందల పౌండ్లవుతుంది. నన్నడిగితే ముందు హెడ్ టీచర్‌ని కలవమంటాను.

అప్పీళ్లు ఎలా నడవాలో చెప్పే ప్రభుత్వ నిబంధనలైన అప్పీల్స్ కోడ్‌లో ఆధారాలకు ఉదాహరణగా చెప్పినవే స్కూలు రిపోర్టులు, పిల్లాడు గ్రామర్ స్థాయివాడని ఎందుకు అనుకుంటున్నారో వివరించే స్కూలు లేఖ. "బుద్ధిమంతుడు, బాగా కష్టపడతాడు" అని రాసిస్తే ఎందుకూ పనికిరాదు. తొమ్మిది, పదేళ్ల పిల్లలుండే ఇయర్ ఫైవ్‌లో మార్కులెన్ని, క్లాసులో ఎక్కడున్నాడు, పాసవుతాడని టీచర్లు ముందే అనుకున్నారా, ఇవి కావాలి. కొందరు హెడ్ టీచర్లు అసలు రాయనంటారు, అదొక్కటే చిక్కు.

మరి సైకాలజిస్టు రిపోర్టు ఎప్పుడు? మాటల అవగాహనలో 97వ పర్సెంటైల్, ప్రాసెసింగ్ స్పీడులో 12వది వచ్చిందనుకోండి. అంటే అదే వయసు పిల్లలు వందమందిలో ఆలోచనలో దాదాపు అందరికంటే ముందు, వేగంలో బాగా వెనక. టైము పెట్టి రాయించే పరీక్షలో ఎందుకు తడబడ్డాడో దీంతో తెలిసిపోతుంది. ఈ సంగతి ఏ హెడ్ టీచరూ అంకెలతో చూపించలేరు. అయితే "టెస్టుకు ముందే అదనపు టైము ఎందుకు అడగలేదు?" అని అప్పీలు వినే ప్యానెల్ నిలదీయొచ్చు, జవాబు దగ్గర పెట్టుకోండి. ఊరికే ఐక్యూ 128 అని చూపించే రిపోర్టుకి మాత్రం నేనైతే డబ్బు పెట్టను. తీసుకునేదైతే ఆ సైకాలజిస్టు పేరు ఆ వృత్తిని నియంత్రించే సంస్థ అయిన హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోండి.

బకింగ్‌హమ్‌షైర్ లాంటి చోట్ల అప్పీలుకు ముందు రివ్యూ, అంటే పాసవ్వని పిల్లాడి కేసును మళ్లీ పరిశీలించడం, ఉంటుంది. అది అయ్యాక ప్యానెల్ చూసేది ఆ రివ్యూ న్యాయంగా, అందరికీ ఒకేలా, నిష్పాక్షికంగా జరిగిందా అన్నదే. కాబట్టి లేఖైనా రిపోర్టైనా రివ్యూలోనే పెట్టాలి, తర్వాత తెస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పిల్లాడు పాసైనా సీట్లు నిండిపోయి చోటు దొరకని కేసు వేరు. అక్కడ తెలివితేటల రుజువు ఎవరికీ అక్కర్లేదు, ఆ స్కూలే ఎందుకన్నది తేలాలి. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉంటే, రిపోర్టులో సూచించిన సాయం ఆ స్కూల్లోనే దొరుకుతుందని చూపగలిగితే, ఇక్కడ లేఖ కంటే రిపోర్టే బలం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కౌన్సిల్ ఇచ్చే ఈహెచ్‌సీ ప్లాన్ ఉన్నవాళ్లకైతే ఈ ప్యానెల్ కాదు, ట్రిబ్యునల్ దారి.

సెకండరీ ఆఫర్లు మార్చి 1న (ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినాన) వస్తాయి, అప్పీలు వేయడానికి కనీసం 20 స్కూలు రోజులిస్తారు. రివ్యూ లేనిచోట లేఖ ఆ లోపు తెచ్చుకోవచ్చు. సైకాలజిస్టు అపాయింట్‌మెంటు మాత్రం అప్పటిదాకా ఆగితే దొరక్కపోవచ్చు.