తొమ్మిదేళ్లుగా వాడుతున్న కె-టైప్ థర్మామీటర్

మాది భీమవరం. కాలేజీలో హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ చూస్తాను. రెండు ప్రోబులు పట్టే ఈ చేతి మీటరు కొని తొమ్మిదేళ్లయింది. కె-టైప్ ప్రోబు అంటే రెండు వేర్వేరు లోహపు తీగలు మొన దగ్గర కలిపినది; మొనకీ మీటరుకీ మధ్య వేడి తేడాని బట్టి పుట్టే చిన్న వోల్టేజీని మీటరు డిగ్రీలుగా చూపిస్తుంది. మీటరు బంగారం. తప్పు అంకె వచ్చినప్పుడల్లా లోపం ప్రోబు మొన దగ్గరో వైరు దగ్గరో దొరికింది.

ఆత్రేయపురంలో ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. పూతరేకులు తీసే ఒకావిడ దగ్గర కూర్చున్నాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగేసరికి రేకు తయారు. "అరచెయ్యి దగ్గరగా పెడితే నాకు తెలిసిపోద్దండి మాస్టారూ" అంది. నేను ప్రోబు మొన ఆనించాను. తాకకుండానే దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ చూపిన దానికంటే బాగా తక్కువ వచ్చింది. గుండ్రటి మొన కుండని చుక్కంత మేర తాకుతుంది, చుట్టూ గాలే. పైగా వైరు వేడిని లాగేస్తుంది. దాని ఉష్ణవాహకత మట్టికంటే పదిరెట్ల పైమాటే, లాగేసిన వేడిని కుండ అంత త్వరగా అందించలేదు. వైరుని అంగుళం మేర కుండకి ఆనించి పడుకోబెట్టాక అంకె పైకొచ్చింది. మెరిసే స్టీలు గిన్నె దగ్గర మాత్రం గన్‌ని అస్సలు నమ్మను, అక్కడ ప్రోబే దిక్కు.

ప్రతి సెమిస్టరు మొదట్లో ఫ్లాస్కులో దంచిన ఐసు, నీళ్లు కలిపి ప్రోబు ముంచుతాను. తర్వాత మరిగే నీళ్లు. డెల్టా సముద్రమట్టానికి దగ్గరే కనుక నీళ్లు దాదాపు 100 దగ్గరే మరుగుతాయి. ఇన్నేళ్లలో పెద్ద తేడా చూడలేదు. అయినా మామూలు కె-టైప్ వైరుకే 2.2 డిగ్రీల తేడా అనుమతిస్తారు, అందుకే దశాంశాల కోసం పిల్లల్ని తిట్టను.

ఒకసారి తెగిన ప్రోబుని రిపేరు షాపులో మామూలు రాగి తీగతో అతికి ఇచ్చారు. వారం పాటు ఫర్నేసు రీడింగు తక్కువొస్తుంటే హీటరు పోయిందనుకుని టెన్షన్ పడ్డాం. కె-టైప్ తీగల్లో డిగ్రీ తేడాకి పుట్టేది సుమారు 41 మైక్రోవోల్టులే, రాగి తీగల జతలో అదీ పుట్టదు. అతుకు ఫర్నేసు పక్కన వేడెక్కితే ఆ మేరకి అంకె తగ్గిపోతుంది, ఎందుకంటే మీటరు తన దగ్గరి వేడినే లెక్కలో కలుపుకుంటుంది. పొడుగు కావాలంటే కె-టైప్ ఎక్స్‌టెన్షన్ వైరే కొనండి.

మన ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నుల మీద మచ్చలు పడతాయి. నెలకోసారి తుడుస్తాను. ఇప్పటికి ప్రోబులు నాలుగు మార్చాను, మీటరు మాత్రం అదే.